సంతలో కొన్న ఇత్తడి ‘బన్ను’, లోపల రెండు కొవ్వొత్తి స్టాండ్లు: తోమే ముందు మరచుట్లు చూడండి

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు రెండు ముక్కల్లో చెప్పుకుంటాను. మీరు ఇంగ్లండ్‌లో లెస్టర్ దగ్గర ఆదివారం సంతలో అరచేతిలో పట్టేంత గుండ్రటి ఇత్తడి వస్తువు కొన్నారు. తిప్పితే రెండు పళ్ళేలుగా విడిపోయింది. లోపల రెండు పొట్టి గొట్టాలు ఉన్నాయి. వాటిని పళ్ళేల మధ్యలో బిగిస్తే రెండు కొవ్వొత్తి స్టాండ్లు అయ్యాయి. క్రిమియా యుద్ధానికి వెళ్ళిన ఆఫీసరు సామాను ఇది అని అమ్మినాయన చెప్పాడు. అతుకు గీత లేదు కాబట్టి ఇది పాతది కాదని మీ స్నేహితుడు అంటున్నాడు. చింతపండు పెట్టి తోమితే తళతళలాడుతుందని మీ అమ్మగారు ఫోన్‌లో చెప్పారు. ఎవరి మాట నమ్మాలి, సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళచ్చా అని అడిగారు.

ముందుగా ఒక్క మాట. చింతపండు వద్దు. ఇంకా తోమకపోతే మంచి పని చేశారు. మిగతావి తీరిగ్గా చెప్తాను.

నేను తణుకు దగ్గర అజ్జరంలో కంచరి పని చేసే ఇంట్లో పుట్టాను. మూసలో కరిగిన ఇత్తడి రంగు చూసి పోతకు సిద్ధమైందో లేదో చెప్పడం మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. గత 27 ఏళ్ళుగా బర్మింగ్‌హామ్‌లో పాత ఇత్తడి, వెండి సామాన్లు బాగుచేసే పనిలో ఉన్నాను. మీ దగ్గర ఉన్నలాంటివి చాలా నా బల్ల మీదికి వచ్చాయి. నాకు వీటి మీద మక్కువ ఎక్కువ. అందుకే సమాధానం పొడుగైంది.

ఇక్కడి పాత సామాన్ల వ్యాపారులు దీన్ని ‘బ్రైటన్ బన్’ అంటారు. బ్రైటన్ ఇంగ్లండ్ దక్షిణ తీరంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. మూసినప్పుడు వస్తువు ఇరానీ చాయ్‌తో తినే బన్నులా ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి బన్ అన్నారు. 19వ శతాబ్దమంతా, 20వ శతాబ్దం మొదట్లోనూ వీటిని చేశారు. ఎక్కువగా దొరికేవి ఇత్తడివి. వెండి పూత వేసినవి ఉన్నాయి, అసలు వెండివి అరుదు. ఒక పళ్ళెం అంచుకు బయటివైపు మర (తిప్పి బిగించే చుట్లు) ఉంటుంది, రెండోదానికి లోపలివైపు. గొట్టాలు ఊడదీసి లోపల పడేసి, ఒకదాని మీద ఒకటి బోర్లించి తిప్పితే మూసుకుపోతుంది. కొన్నింట్లో దీపం ఆర్పడానికి చిన్న శంఖాకారపు టోపీ కూడా లోపలే ఇమిడి ఉంటుంది.

ప్రయాణానికి వెళ్ళేవాడు కొవ్వొత్తి స్టాండు మోసుకెళ్ళడం ఏమిటని ఈ కాలంలో అనిపిస్తుంది. అప్పట్లో వెలుతురు డబ్బు పెట్టి కొనుక్కునే సరుకు. ఇంగ్లండ్‌లో 1709 నుంచి 1831 దాకా కొవ్వొత్తుల మీద పన్ను ఉండేది. సత్రంలో దిగితే భోజనానికి, గుర్రం దాణాకు, గదిలో మంటకు వేసినట్టే మైనపు దీపాలకూ బిల్లులో విడిగా పద్దు వేసేవారు. ఫ్రాన్స్ వైపు హోటళ్ళలో అయితే కొవ్వొత్తుల పద్దు మీద యాత్రికుల ఫిర్యాదులు ఎన్నో. సొంత కొవ్వొత్తి, సొంత స్టాండు ఉంటే ఆ ఖర్చు తప్పేది, రాత్రి ఇష్టమున్నంత సేపు ఉత్తరాలు రాసుకునే వీలుండేది.

అప్పటి బ్రిటిష్ సైన్యంలో ఆఫీసర్లు తమ సామాను తామే కొనుక్కోవాల్సి వచ్చేది. మడతపెట్టే మంచం, విడదీసే బీరువా, మరలతో విప్పి కట్టే బల్ల, అన్నీ పెట్టెల్లో ఇమిడేలా చేసేవారు. బ్రైటన్ బన్ ఆ కుటుంబంలోదే. ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ప్రయాణికుడి గది ఖాళీగా ఉండేది. మంచం, కుర్చీ, నీళ్ళ తొట్టితో సహా ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. 1869లో సూయజ్ కాలువ తెరవక ముందు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడానికి నెలలు పట్టేది. అలా ఇంగ్లండ్‌లో కొన్న సామాను మచిలీపట్నం, మద్రాసు, సికింద్రాబాద్ కంటోన్మెంట్ దాకా వచ్చింది. మన దేశంలో డాక్ బంగళాల్లో, అంటే దారిలో ఉండే సర్కారు బసల్లో దిగినా పడక, దీపం వెంట తెచ్చుకోవాల్సిందే.

ఓడలో మాత్రం ఈ స్టాండ్లను ఇష్టమొచ్చినట్టు వెలిగించుకోనిచ్చేవారు కాదు. చెక్క ఓడ, తారు పూసిన తాళ్ళు, కింద సారా పీపాలు. దీపాలు ఆర్పే వేళ ఖచ్చితంగా పాటించేవారు. 1825లో కెంట్ అనే ఓడ సైనికులతో ఇండియాకు వెళ్తూ బిస్కే అఖాతంలో కాలిపోయింది. తుఫానులో ఓడ ఒక్కసారిగా ఒరిగినప్పుడు చేతిలోని దీపం జారి, పీపా నుంచి కారిన సారా మీద పడడమే కారణం. అందుకే మీ స్టాండు వాడుక ఎక్కువగా నేల మీదే, గుడారంలోనో సత్రంలోనో సాగి ఉంటుంది.

కొవ్వొత్తి సంగతి తెలిస్తే ఈ వస్తువు ఇంకా బాగా అర్థమవుతుంది. మన తెలుగు మాటలోనే ఉంది చూడండి, కొవ్వు వత్తి. చౌక కొవ్వొత్తులు నిజంగానే గొర్రె, ఎద్దు కొవ్వుతో చేసినవి. వాసన, పొగ, పైగా ఎలుకలు కొరికి తినేవి. ఎండకు మెత్తబడి వంగిపోయేవి. డబ్బున్నవాళ్ళకు తేనెమైనం ఉండేది, తర్వాత తిమింగలం తలలోంచి తీసిన మైనం వచ్చింది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ కొవ్వును విడగొట్టి చూపించాక 1820, 30లలో కొవ్వులోని గట్టి భాగంతో చేసిన స్టియరిన్ కొవ్వొత్తులు, 1850ల తర్వాత పారఫిన్ కొవ్వొత్తులు వచ్చాయి. స్టియరిన్ గట్టిది, సుమారు 55 డిగ్రీల దాకా కరగదు కాబట్టి వేడి దేశాలకు ప్రయాణం కట్టినవాళ్ళకు బాగా ఉపయోగపడింది. జడలా అల్లిన వత్తి వచ్చాక వత్తి తనంతట తాను వంగి కాలిపోయేది. అంతకు ముందు కాసేపటికోసారి కత్తెరతో వత్తి చివర కత్తిరించాలి, అంటే ఆ కత్తెర కూడా మోయాలి. వత్తి మారాక ఆ బరువు తప్పింది. ఒక లెక్క చెప్తాను. 1860 నాటి ఇంగ్లండ్ గ్యాస్ చట్టంలో వెలుతురు కొలవడానికి పెట్టుకున్న కొవ్వొత్తి సుమారు 76 గ్రాముల బరువు, గంటకు 7.8 గ్రాములు కాలాలి. అంటే ఒక్కటి దాదాపు పది గంటలు. వారం రోజుల ప్రయాణానికి నాలుగైదు కొవ్వొత్తులు, ఈ బన్ను ఉంటే రాత్రుళ్ళు గడిచిపోయేవి.

ఇక మీ బన్ను దగ్గరికి వద్దాం. అసలుదా కాదా తేల్చడానికి నేను మొదట చూసేది రంగు కాదు, బరువు కాదు, మరచుట్లు. దీని ప్రాణమంతా అక్కడే ఉంది. పాత పనివాడు పళ్ళేన్ని లేతు (వస్తువును గుండ్రంగా తిప్పే యంత్రం) మీద తిప్పుతూ, దువ్వెన పళ్ళలాంటి అంచున్న ఉలిని చేత్తో ఆనించి మర కోసేవాడు. మా నాన్నగారు లేతును తరిమెన అనేవారు, ఆయన పట్టిన ఉలి కూడా దాదాపు అలాంటిదే. అలా చేత్తో కోసిన మర తన జోడీకి మాత్రమే సరిగ్గా పడుతుంది. 1841లో విట్‌వర్త్ అనే ఇంజనీరు మరచుట్ల కొలతలు దేశమంతా ఒకేలా ఉండాలని ప్రతిపాదించినా, చిన్న ఇత్తడి పనివాళ్ళు తమ పద్ధతిలోనే చాలాకాలం కోసుకున్నారు. అందుకే ఒక బన్ను పై సగం ఇంకో బన్ను కింది సగానికి చాలాసార్లు పట్టదు.

మీరు చేయాల్సింది ఇది. రెండు సగాలనూ బల్ల మీద ఆనించి, మొదట వెనక్కి, అంటే విప్పే వైపుకు నెమ్మదిగా తిప్పండి. ఒకచోట ‘టిక్’ మని చిన్నగా కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి బిగించే వైపుకు తిప్పండి. ఇలా చేస్తే మర అడ్డంగా ఎక్కదు. పాత ఇత్తడి మెత్తన. ఒక్కసారి అడ్డంగా ఎక్కిస్తే చుట్టు చెడిపోతుంది, దాన్ని మళ్ళీ నిలబెట్టడం నాకూ కష్టమే. జోడీ సరైనదైతే చివరి పావు చుట్టులో మెత్తగా బిగుసుకుని, రెండు అంచులూ చుట్టూ ఒకేలా కలుస్తాయి. ఒకవైపు సందు, ఒకవైపు బిగువు కనిపిస్తే రెండు వేర్వేరు బన్నుల సగాలు కలిపారని అనుమానించండి. సంతల్లో ఇది మామూలే.

తర్వాత భూతద్దంతో మర మొనలు చూడండి. వందేళ్ళు తిప్పిన మర మొన గుండ్రంగా, జారుడుగా అరిగి ఉంటుంది. చుట్ల అడుగున నల్లటి మురికి గట్టిపడి ఉంటుంది. కొత్తగా చేసి పాతదిగా అమ్మేవాటిలో మొన పదునుగా ఉంటుంది, లేదా పోతలోనే వచ్చిన గరుకు మర కనిపిస్తుంది, అడుగున పసుప్పచ్చటి కొత్త ఇత్తడి మెరుస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ లాంటి చోట్ల పాత ఇంగ్లీషు నమూనాల్లో ఇత్తడి సామాను చేసి విదేశాలకు పంపడం ఎప్పటినుంచో ఉంది. అందులో తప్పేమీ లేదు, చేసేవాళ్ళు మంచి పనివాళ్ళు. మధ్యలో ఎవరో రసాయనం పూసి నల్లగా చేసి 1850 నాటిదని అమ్మడమే తప్పు. అలా వేసిన నలుపు అంతటా ఒకేలా ఉంటుంది. నిజమైన వాడకంలో చేయి తగిలే చోట తేలికగా, తగలని మూలల్లో ముదురుగా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చే ఆధారం పళ్ళెం లోపలివైపు ఉంటుంది. బన్ను మూసి పెట్టెలో వేసుకుని బండి మీద, గుర్రం మీద వెళ్తుంటే లోపలి రెండు గొట్టాలూ దొర్లుతాయి. ఏళ్ళ తరబడి అలా దొర్లిన గుర్తులు పళ్ళెం లోపల చిన్న చిన్న వంపు గీతలుగా, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఇవి ఇసుక కాగితంతో గీసినట్టు తిన్నగా ఉండవు. మీ పళ్ళేల్లో ఆ గీతలు కనిపిస్తే ఈ వస్తువు నిజంగా ప్రయాణం చేసింది. గొట్టం మీదా, పళ్ళెం మధ్యలోనూ చిన్న చుక్కలో గీతలో జోడీ గుర్తులుగా కొట్టి ఉన్నాయేమో కూడా చూడండి. విడదీసే సామాన్లలో ఏ గొట్టం ఏ పళ్ళేనిదో తెలియడానికి పనివాళ్ళు అలా చేసేవారు.

మీ స్నేహితుడు చెప్పిన అతుకు గీత సంగతి. ఆయన ఎక్కడో సరైనదే చదివారు, ఈ వస్తువుకు అది వర్తించదు. సుమారు 1660ల నుంచి 18వ శతాబ్దం చివరి దాకా ఇంగ్లండ్‌లో పొడుగు ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్ల కాడను రెండు సగాలుగా పోత పోసి టంకంతో అతికేవారు. ఇత్తడి ఆదా అవుతుంది, బరువు తగ్గుతుంది. ఆ కాడల మీద నిలువుగా సన్నటి గీత కనిపిస్తుంది. బన్నుకు కాడ లేదు. ఉన్నది పొట్టి గొట్టం, అది లేతు మీద తిప్పి చేసింది. పైగా ఇది ఆ తర్వాతి కాలపు వస్తువు. అతుకు లేకపోవడం ఇక్కడ సహజం.

క్రిమియా కథ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ యుద్ధం 1853 నుంచి 1856 వరకు. అప్పుడు ఇలాంటి స్టాండ్లు వెళ్ళి ఉండవచ్చు. మీ స్టాండు వెళ్ళిందని చెప్పాలంటే దాని మీద పేరో, పొడి అక్షరాలో, పటాలం గుర్తో చెక్కి ఉండాలి, లేదా కుటుంబం నుంచి వచ్చిన కాగితం ఉండాలి. అవి లేకుండా ఆ కథకు ఒక్క పౌండు కూడా ఎక్కువ ఇవ్వకండి. ఇత్తడి బన్నుల మీద చాలావరకు తయారీదారు ముద్రే ఉండదు. అడుగున వజ్రం ఆకారపు ముద్ర ఉంటే ఆ నమూనా 1842, 1883 మధ్య రిజిస్టర్ అయిందని అర్థం. 1884 నుంచి దాని బదులు వరుస నంబరు వచ్చింది. ఇంగ్లండ్ అని దేశం పేరు కొట్టి ఉంటే, 1891 నుంచి అమెరికా దిగుమతి సరుకు మీద దేశం పేరు అడగడం మొదలైంది కాబట్టి, ఆ తర్వాతిదై ఉండే అవకాశం ఎక్కువ. అసలు వెండిది అయితే నడుస్తున్న సింహం ముద్ర, బర్మింగ్‌హామ్ లంగరు ముద్ర, సంవత్సరం అక్షరం ఉంటాయి. మీది ఇత్తడి కాబట్టి అక్కడ ఆగనక్కర్లేదు.

అయితే మీరు రాసిన ఒక వాక్యం నన్ను ఆపింది. మర దగ్గర సందుల్లో తెల్లగా ఏదో ఉంది అన్నారు. ఇది రెండు రకాలుగా ఉండవచ్చు. ఒకటి, ఎవరో ఎప్పుడో తోమిన పాలిష్ ఎండి సున్నంలా మిగలడం. రెండోది, వెండి పూత. బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్‌టన్ అనే కంపెనీ వాళ్ళు 1840లో విద్యుత్తుతో వెండి పూత వేసే పేటెంటు తీసుకున్నాక ఇలాంటి చిన్న సామాన్లకు పూత వేయడం బాగా పెరిగింది. తర్వాతి తరాల వాళ్ళు వారం వారం తోమి తోమి పైపూత పోగొట్టి, అడుగు ఇత్తడినే అసలు రంగు అనుకున్నారు. టూత్‌పిక్‌తో మెల్లగా తాకి చూడండి. పొడిగా రాలితే పాలిష్. రాలకుండా లోహంలా నిగనిగలాడితే వెండి. వెండి అయితే మీ బన్ను ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం ఆ చిన్న తెల్లటి మచ్చే. దాన్ని కాపాడండి.

చింతపండు వద్దన్నది ఇందుకే. అమ్మగారు చెప్పింది మన ఇంటి బిందెలకు, దీపపు కుందులకు సరైన పద్ధతే, మా ఇంట్లోనూ అంతే. రోజూ వాడే గిన్నెకు చిలుము వదలాలి. ఇక్కడ మనకు కావలసింది పైనున్న వయసు పొర. పులుపు ఇత్తడిలోని జింకును ముందు లాగేస్తుంది. ఎక్కువసేపు ఉంచితే గులాబీ రంగు రాగి మచ్చలు తేలుతాయి, అవి తోమినా పోవు. కొన్నేళ్ళ క్రితం ఒకావిడ తన తాతగారి బన్ను తెచ్చారు. ఒక దుకాణంలో మిషను బఫ్ (తిరిగే గుడ్డ చక్రంతో మెరుగు) పెట్టించారు. అద్దంలా మెరుస్తోంది. తాతగారి పేరు అక్షరాలు చెక్కిన చోట మాత్రం నునుపు తప్ప ఏమీ లేదు. ఆవిడ వేలితో ఆ చోటు వెతుక్కోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

అమ్మోనియా ఉన్న పాలిష్‌లు కూడా మర దగ్గరికి రానివ్వకండి. దీని వెనక మన దేశపు కథే ఉంది. బ్రిటిష్ ఇండియాలో వానాకాలంలో నిల్వ ఉంచిన ఇత్తడి తూటా గొట్టాలు ఎవరూ ముట్టకుండానే పగిలిపోయేవి. ఆ ఋతువులో వచ్చే పగుళ్ళని వాటికి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పెట్టారు. గుర్రపుశాలల గాలిలోని అమ్మోనియా, వానాకాలపు తేమ, సాగదీసిన ఇత్తడిలో మిగిలిన లోపలి ఒత్తిడి, మూడూ కలిసినప్పుడే పగుళ్ళు వస్తాయని 1920ల మొదట్లో తేల్చారు. పల్చటి అంచుల్లో, మరచుట్ల అడుగున పాలిష్ చిక్కుకుని ఉండిపోతే నాకు అదే భయం.

మరి శుభ్రం ఎలా? గోరువెచ్చని నీళ్ళలో ఒక చుక్క గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్, వెంటనే పొడి గుడ్డతో తుడవడం, అంతే. మైనం గట్టిపడి ఉంటే ఇత్తడి ముక్కను ఫ్రీజర్‌లో గంట ఉంచండి, పెళుసై చెక్క పుల్లతో ఊడివస్తుంది. కత్తి వాడకండి. మర బిగుసుకుపోతే ప్లయర్ పెట్టకండి. పల్చటి నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేసి, పొద్దున రెండు చేతులకూ రబ్బరు గ్లవ్స్ వేసుకుని తిప్పండి. రాకపోతే మళ్ళీ నూనె, మళ్ళీ ఒక రాత్రి. నేను ఒకదానికి తొమ్మిది రోజులు ఆగాను, గీత పడకుండా వచ్చింది.

వెలిగించాలనుకుంటే వెలిగించండి, అందుకే చేశారు. పాత గొట్టాలు చాలావరకు ఇప్పటి కొవ్వొత్తి కంటే ఇరుకు. కొవ్వొత్తి అడుగును చాకుతో చెక్కి సరిపెట్టండి. గొట్టంలోకి దించి కొట్టకండి, వదులైతే కాగితం చుట్టకండి, అది అంటుకుంటుంది. రెండు సెంటీమీటర్లు మిగలగానే ఆర్పేయండి, లేకపోతే వేడికి గొట్టం మర బిగుసుకుంటుంది. ఫ్యాను కింద పెట్టకండి. ఆ కాలంలో తాడుతో లాగే పంకాల కింద ఇదే ఇబ్బంది వచ్చి కొవ్వొత్తుల చుట్టూ గాజు గొట్టాలు పెట్టుకున్నారు.

ధర విషయంలో, అమ్మేవాళ్ళు అడిగే ధర కాక వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూడండి. రెండు సగాలూ, రెండు గొట్టాలూ ఒకే జోడీవై, టోపీ కూడా ఉంటే విలువ బాగా పెరుగుతుంది. వెండిది దీనికి చాలా రెట్లు.

ఊరికి తీసుకెళ్ళే సంగతి మాత్రం జాగ్రత్తగా ఆలోచించండి. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్ళు దాటిన కళా, హస్తకళా వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని దేశం బయటికి తీసుకెళ్ళే హక్కు మామూలు మనుషులకు లేదు. అమ్మగారి దగ్గరే ఉంచేస్తారా, కొన్న బిల్లు వెంట పెట్టుకుని తీసుకెళ్ళండి. చూపించి తిరిగి తెచ్చుకోవాలంటే, బయలుదేరక ముందే కస్టమ్స్ వాళ్ళనూ పురావస్తు శాఖనూ అడిగి రాతపూర్వకంగా సమాధానం తీసుకోండి. అది దొరక్కపోతే ఫోటోలు చూపించి, వస్తువును లెస్టర్‌లోనే ఉంచండి. హైదరాబాద్ విమానాశ్రయంలో తిరుగు ప్రయాణం రోజు ఈ టెన్షన్ పడాల్సిన పనిలేదు.

తోమకుండా నాలుగు ఫోటోలు తీసి పెట్టండి. బయటి మర పక్క నుంచి వెలుతురు పడేలా ఒకటి, లోపలి మర ఒకటి, పళ్ళెం లోపలి గీతలు ఒకటి, తెల్లటి మచ్చ ఉన్న సందు దగ్గరగా ఒకటి. అవి చూశాక ఏ కాలపుదో ఇంకాస్త దగ్గరగా చెప్తాను.